దొరసాని జవాబు

"పుస్తకాన్ని కత్తిరిస్తున్నారేంటండీ?"

తలుపు దగ్గరే ఆగిపోయి అడిగింది ఆమె. ఆ క్లాసుకి ఇంగ్లీషు లెక్చరరు ఆమే. ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె పాఠం చెప్పే నాటకం పుస్తకాన్ని కత్తెరతో ముక్కలు చేస్తున్న మనిషి ఎవరో ఆమెకి తెలీదు.

"చింపితే అంచులు పాడైపోతాయి కదండీ," అన్నాడతను తలెత్తకుండా.

వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి.

"సైలెన్స్," అంది ఆమె.

ఆ మాట ఆమె నోట ఎంతగా నలిగిందంటే, మోటారు మెకానిక్ బ్రాంచిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ సైలెన్స్ మేడమే. నిజానికి ఆ క్లాసులో అల్లరి చేసేవాళ్ళు తక్కువ. గురక పెట్టేవాళ్ళు ఎక్కువ.

వాళ్ళని మాత్రం ఏమనగలం? పొద్దున్నంతా వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి, గ్రీజు చేతులు కడుక్కుని, మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చుంటే, నాలుగు శతాబ్దాల కిందటి ఇంగ్లీషు నాటకం. అట్ట మీద బట్టతల, చిన్న గడ్డం, చెవికి పోగు ఉన్న పెద్దమనిషి బొమ్మ. పిల్లలు ఆయనకి బట్టతల తాత అని పేరు పెట్టి, పెన్నుతో కళ్ళజోడు దిద్దారు. అంతకుమించి ఆయనతో ఎవరూ పరిచయం పెట్టుకోలేదు. కిందటేడు ఆ పేపర్లో సగం క్లాసు తప్పింది. ప్రిన్సిపాలు ఆమెని పిలిచి, "మీరు చెప్పేది బాగానే ఉందమ్మా, వాళ్ళకి ఎక్కడం లేదంతే," అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"ప్రిన్సిపాలుగారు పంపారండీ," అని అప్పుడు లేచి నిలబడ్డాడతను. "టౌను ఆడిటోరియంలో లైట్లు చూసుకుంటాను. సాయంత్రాలు నాటకాలు వేస్తాను. ఈ ఏడాది మీకు సాయంగా ఉండమన్నారు."

"నాకు సాయం కావాలని నేను అడగలేదే."

"నన్ను అడిగి మాత్రం పంపారా ఏంటండీ?"

మళ్ళీ ఘొల్లుమన్నారు. ఆమె సైలెన్స్ అనబోయి ఆగింది. ఇంతకాలానికి ఆ గదిలో అందరూ కళ్ళు తెరిచి ఉన్నారు. అది మాత్రం ఆమె గమనించకపోలేదు.

* * *

అతని పద్ధతి విచిత్రం. పూర్వం ఆ దేశంలో నటులకి నాటకం మొత్తం ఇచ్చేవాళ్ళు కాదట. చేత్తో రాసుకునే కాలం. అందుకని ఎవరి మాటలు వాళ్ళకే చీటీ మీద రాసిచ్చేవాళ్ళు. దాంతోపాటు, తన కన్నా ముందు మాట్లాడేవాళ్ళ చివరి రెండు మూడు మాటలు. అవి చెవిన పడగానే తన మాట అందుకోవాలి. ఆ మాటలు ఎవరంటారో, అంతకు ముందు ఏమంటారో తెలీదు. చెవులు రిక్కించుకుని వినడమే.

"వినకపోతే?" అన్నాడు పొడుగోడు. ఆ క్లాసులో నిద్రకి నాయకుడు వాడు.

"వినకపోతే నీ వంతు రావడం తెలీదు. అందరూ నీ మొహం చూస్తూ నిలబడతారు."

"అదేం కొత్త సార్, ఇప్పుడూ అంతేగా."

ముందు మన మాటల్లో, తర్వాత తాతగారి మాటల్లో. అదీ ఒప్పందం. కథ చిన్నదే. ఒక రాజు, ఆయన చెల్లెలు దొరసాని, యుద్ధం గెలిచి వచ్చిన సేనాపతి. మొదటి రోజు పొడుగోడికి రాజు చీటీ వచ్చింది. విందులో కూర్చుని దర్జాగా తన మాటలు చదువుతున్నాడు. సేవకుడి చీటీ పట్టుకున్న కుర్రాడు వచ్చి, "ప్రభూ, మీ కొడుకు యుద్ధంలో పోయాడు," అన్నాడు.

పొడుగోడి నోరు తెరుచుకుని ఉండిపోయింది. చీటీ చూశాడు. అక్కడ వాడికి ఉన్నది ఒక్కటే మాట. "ఎప్పుడు?"

ఆ మాట వాడు నిజంగానే అడిగాడు.

"సార్, ఇది అన్యాయం," అన్నాడు తర్వాత. "కొడుకు పోతాడని ముందు చెప్పొద్దా? నేను నవ్వుతూ కూర్చున్నాను."

"ఎవరికైనా ముందు చెప్తారా?" అన్నాడు డ్రామా సారు.

కిటికీ దగ్గర నిలబడి ఉన్న ఆమె మొహం అటు తిప్పుకుంది. రెండేళ్ళు ఆమె ఆ సీను చెప్పింది. ముఖ్యాంశాలు బోర్డు మీద రాసింది. పరీక్షకి ఏ ప్రశ్న వస్తుందో గుర్తు పెట్టించింది. ఆ "ఎప్పుడు" అన్న మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

* * *

"ఆ చీటీలాయన ఇవాళేం చేశాడు?" అని అడిగేది వదిన, ఆమె చెప్పులు విడవకముందే.

ఆమె ఉండేది అన్నావదినల దగ్గర. అన్నకి ఆఫీసు, పేపరు, కునుకు తప్ప వేరే లోకం లేదు. ఇంట్లో మాటలన్నీ వదినామరదళ్ళవే.

"ఏముంది, అరిచాడు, నవ్వించాడు, నా రిజిస్టరు మీద టీ ఒలకబోశాడు."

"కాలికేస్తే వేలికేస్తావు. నిన్న కూడా టీ అన్నావు. మొన్నా టీ అన్నావు. ఆయన నీ బల్ల దగ్గరే కూర్చుని తాగుతాడా?"

"స్టాఫ్ రూములో ఇంకెక్కడా ఖాళీ ఉండదు."

"అవును మరి. అంత పెద్ద కాలేజీలో కుర్చీలు లేవు పాపం."

"వదినా, నీకు పనేం లేదా?"

"ఉంది. నీ మొహం చూడ్డం." వదిన నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "ఆయనకి ఆ అకౌంట్సు వాడి సంగతి తెలుసా?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సంగతి కాలేజీలో తెలియనివాళ్ళు లేరు. అకౌంట్సు సెక్షన్లో పనిచేసే అబ్బాయితో ఆమెకి పెళ్ళి కుదిరింది. రోజూ చూసుకునే మనుషులే కాబట్టి అందరూ సంబరపడ్డారు. అటెండరు దగ్గర్నించి ప్రిన్సిపాలు దాకా శుభాకాంక్షలు చెప్పారు. పెళ్ళి దగ్గరపడ్డాక, అబ్బాయి మనసు మార్చుకున్నాడు. కారణం ఏమీ లేదు. అదే ఎక్కువ బాధ. కారణం ఉంటే జనం దాన్ని తిట్టుకుంటారు. లేకపోతే ఆడపిల్లనే తేరిపార చూస్తారు. తర్వాత అతను ట్రాన్స్‌ఫర్ చేయించుకుని వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం అదే స్టాఫ్ రూముకి, అదే కుర్చీకి రోజూ వెళ్ళింది. తలుపు తీయగానే మాటలు ఆగిపోయేవి. తర్వాత ఓదార్పులు మొదలయ్యేవి. "పోన్లేమ్మా, మన మంచికే." ఆ మంచి మాటలు వినీ వినీ ఆమెకి మంచితనం మీదే విసుగు పుట్టింది. నలుగురి నోట్లో మళ్ళీ పడకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఇదంతా ఆమే అతనికి చెప్పింది, ఒక వాన రోజున, సైకిల్ స్టాండు రేకుల కింద నిలబడి. వాన ఎంత గట్టిగా పడుతోందంటే అరిచి చెప్పుకోవాల్సి వచ్చింది. గుసగుసగా చెప్పుకోవాల్సిన సంగతిని అరిచి చెప్పడం ఇద్దరికీ నవ్వు తెప్పించింది.

"ఇంకా కోపంగా ఉందా అతని మీద?"

"ఏంటి?"

"కోపంగా ఉందా అని!"

"అతని మీద కాదు. శుభాకాంక్షలు చెప్పినవాళ్ళ మీద."

అతను నవ్వాడు. జుట్టులోంచి నీళ్ళు కారి కళ్ళలోకి వస్తుంటే తుడుచుకుంటూ, తుడుచుకునే వంకతో ఆమెనే చూస్తున్నాడు. ఆమె వానని చూస్తోంది, చూడ్డానికి అందులో ఏదో ఉన్నట్టు.

"నేనొకటి అడగనా?" అన్నాడు.

"పేపర్లు దిద్దాలండీ," అంది ఆమె, వానలోకి దిగిపోతూ.

ఇంటికి వచ్చేసరికి తడిసి ముద్దయింది. దిద్దాల్సిన పేపర్లు ఏవీ లేవు. ఆ తర్వాత కూడా అతను ఒకటి రెండు సార్లు ఆ మాటకి దగ్గరగా వచ్చాడు. ఒకసారి క్యాంటీన్లో, ఒకసారి మెట్ల మీద. ప్రతిసారీ ఆమెకి ఏదో ఒక పని గుర్తొచ్చింది. పని లేనప్పుడు తలనొప్పి వచ్చింది. రాత్రి పడుకున్నాక మాత్రం, అతను అడగబోయిన ప్రశ్నని తనే వేసుకుని, తనే ఔనని చెప్పుకునేది.

* * *

ఆ రోజు సేనాపతి దొరసానిని పెళ్ళి చేసుకోమని అడిగే సీను. పొడుగోడు ఇప్పుడు సేనాపతి. దొరసాని, ఆ క్లాసులో ఉన్న కొద్దిమంది ఆడపిల్లల్లో ఒకతి. ఊరికే నవ్వుతుంది కాబట్టి అందరూ ఆమెని నవ్వులపిల్ల అంటారు.

"మీ కళ్ళు..." అని మొదలుపెట్టాడు పొడుగోడు.

నవ్వులపిల్ల కిసుక్కున నవ్వింది.

"సార్, ఇలా నవ్వితే నేను యుద్ధానికైనా పోతాను కానీ ఈ పిల్లని అడగను."

"నువ్వడిగే తీరు చూస్తే తాతగారి బొమ్మకి కూడా నవ్వొస్తుంది," అంది ఆ పిల్ల.

"మీరే చేసి చూపించండి సార్," అన్నారెవరో వెనకనించి. "మేడమ్ దొరసాని."

ఇంకో పదిమంది అందుకున్నారు. "మేడమ్, ప్లీజ్ మేడమ్."

వద్దంటే ఏదో ఉందనుకుంటారని ఆమె లేచింది. నవ్వులపిల్ల చేతిలోంచి చీటీ తీసుకుంది. అతని చేతిరాత. చీటీలన్నీ అతను రాసినవే. పైన, తను వినాల్సిన చివరి మాటలు: "ఇక మీ దయ." కింద దొరసాని జవాబు.

అతను చీటీ తీసుకోలేదు. ఖాళీ చేతులతో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"దొరసానీ," అన్నాడు. "నేను యుద్ధాలేం గెలవలేదు. నాకు రావు. దీపాలు వెలిగించడం, ఆర్పడం వచ్చు. ఎర్ర సిరాతో మీరు పేపర్లు దిద్దుతుంటే ఎదురుగా కూర్చోవడం వచ్చు. ఇంకా ఏళ్ళ తరబడి అక్కడే కూర్చోవాలనుంది, మీ ఇంట్లోనైనా సరే, నా ఇంట్లోనైనా సరే."

ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. నవ్వులపిల్ల నవ్వడం లేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పొడుగోడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. గది గదంతా అర్థమైపోయిన మొహాలు.

"ఇది మీతో చాలాసార్లు చెప్పబోయాను. మీకెప్పుడూ పనే. ఇవాళ పని లేదు కదా." ఒక అడుగు దగ్గరికి వేశాడు. "ఇక మీ దయ."

ఆమెకి పిల్లలు కనిపించలేదు. స్టాఫ్ రూము తలుపు కనిపించింది. రేపు పొద్దున అది తీయగానే ఆగిపోయే మాటలు వినిపించాయి. ఇతను కూడా ఒకనాడు మనసు మార్చుకుంటే, ఈసారి మోటారు మెకానిక్ క్లాసంతా ఓదారుస్తుంది. చేతిలో కాగితం ఉంది. తల వంచి అది చదివింది.

"మీరు రాజ్యాలు గెలవచ్చు సేనాపతీ, నన్ను గెలవలేరు. ఈ మాట ఇంకెన్నడూ నా ముందు ఎత్తకండి."

తర్వాత ఒకడు అనుమానంగా చప్పట్లు మొదలుపెట్టాడు. నాటకమే కాబోలని మిగిలినవాళ్ళూ అందుకున్నారు. అతను నటుడు కదా, వంగి దండం పెట్టాడు.

* * *

బెల్లు కొట్టాక వర్క్‌షాపు వరండాలో అతన్ని పట్టుకుంది. లోపల ఏదో ఇంజను పెద్దగా మోగుతోంది.

"పిల్లల ముందు అలా ఎందుకు చేశారు?"

"మీరు చదివేశారుగా. అయిపోయింది."

"మీరు రాసిందే చదివాను."

"నేను రాసిందే. అందులో ఏముందో నాకు తెలుసు. దాన్ని పక్కన పెట్టి ఒక్క మాట అంటారనుకున్నాను. ఔననక్కర్లేదు. తర్వాత మాట్లాడదాం అన్నా చాలు."

"నా చేతికి వద్దని రాసిన కాగితం ఇచ్చి, నలుగురి మధ్య నిలబెట్టి, ఔననమంటారా?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నేను కాదంటే అది నాటకం, ఔనంటే నిజం. మీకు రెండు వైపులా గొడుగుంది. తడిసేది నేనే. వానలో నిలబడి చెప్పాను మీకు, నాకు దేనంటే భయమో. ఒక్క మీకే చెప్పాను."

అతను వరండా స్తంభానికి ఆనుకున్నాడు.

"తప్పే," అన్నాడు చివరికి. "ఒంటరిగా ఉన్నప్పుడు మీరు కాదంటే తట్టుకోలేననిపించింది. అందుకే ఆ గొడుగు. ఒప్పుకుంటున్నాను." ఆగాడు. "కానీ నేను ఒంటరిగా అడగబోయినప్పుడల్లా మీరు పారిపోయారు. అది కూడా తప్పేనండీ."

నిజం ఎదుటివాళ్ళ నోట వస్తే మనకి కోపం వస్తుంది.

"మీకు నాటకం తప్ప ఇంకేమీ తెలీదు," అంది.

అతను తల ఊపి, వెళ్ళిపోయాడు.

* * *

ఆ తర్వాత అతను మానేయలేదు. అలా మానేసే రకం కాదు. వార్షికోత్సవం దాకా రోజూ వచ్చాడు. ఆమె బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు, అంతే. స్టాఫ్ రూములో కుర్చీలు చాలా ఖాళీగా ఉన్నాయని ఆమెకి అప్పుడు తెలిసింది.

క్లాసులో ఒకరితో ఒకరు పిల్లల ద్వారా మాట్లాడుకునేవాళ్ళు.

"మేడమ్, సారు మిమ్మల్ని ఓసారి సైలెన్స్ అనమంటున్నారు."

"ఆయన గొంతుకేమైందో అడుగు."

"సార్, మీ గొంతుకేమైందట?"

"బానే ఉందని చెప్పు."

"బానే ఉందట మేడమ్. మేమే మూసుకుంటాం లెండి," అన్నాడు పొడుగోడు. ఎవరూ నవ్వలేదు.

వార్షికోత్సవం రోజు నాటకం బాగా జరిగింది. పిల్లలు తాతగారి ఇంగ్లీషులోనే చెప్పారు. ప్రిన్సిపాలు ముందు వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. అతను పక్కన చీకట్లో నిలబడి లైట్లు వేశాడు. మర్నాటినించి రాలేదు. పని అయిపోయింది కదా.

ఇంట్లో వదిన చాలా రోజులు ఊరుకుంది. ఊరుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? వెళ్ళి చెప్పవే ఆ మనిషికి."

"ఏమని చెప్పను?"

"రాత్రిళ్ళు గోడకేసి చెప్పుకుంటున్నావు చూడు, అదే."

* * *

పరీక్షలు దగ్గరపడ్డాయి. పునశ్చరణ కోసం ఆమె పుస్తకం తెరిచింది. బోర్డు మీద ప్రశ్న రాసింది: దొరసాని సేనాపతిని ఎందుకు నిరాకరించింది?

ఇదివరకైతే జవాబు తనే చెప్పి రాసుకోమనేది. రాజవంశపు గర్వం, అయిదు మార్కులు.

"ఆవిడకి గర్వం కాదు మేడమ్," అన్నాడు పొడుగోడు. చెయ్యి ఎత్తకుండానే లేచాడు. "అక్కడ రాజుగారున్నారు, సభంతా ఉంది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. అలా అడిగితే ఎవరైనా అదే అంటారు. సేనాపతిదే తప్పు."

"సేనాపతి గెలిచొచ్చిన ఊపులో ఉన్నాడ్రా," అన్నాడింకొకడు. "ఊపులో ఎక్కడున్నామో గుర్తుంటుందా?"

"సరే, సభలో కాదంది. బాగుంది," అంది నవ్వులపిల్ల. "సభ అయిపోయింది కదా? అందరూ ఇళ్ళకి పోయారు కదా? ఆ తర్వాత చెప్పొచ్చుగా. నాటకం ఇంకా సగం ఉంది మేడమ్. ఆ సగంలో ఆవిడ ఒక్కసారి కూడా అతని గుమ్మం తొక్కదు. నోరేమన్నా రాజుగారి దగ్గర తాకట్టు పెట్టిందా?"

"పరువు..." అంది ఆమె.

"పరువుకేం మేడమ్, చూసేవాళ్ళే లేనప్పుడు? అది భయం. మీరేమంటారు?"

క్లాసంతా జవాబు కోసం చూస్తోంది. ఒక్కరూ నిద్రపోవడం లేదు. కొందరు చెయ్యెత్తి ఉన్నారు. ఇలాంటి రోజు ఒకటి వస్తే చాలనుకునేది ఆమె ఒకప్పుడు.

"భయమనే రాయండి," అంది.

* * *

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆడిటోరియానికి వెళ్ళింది. ఖాళీ కుర్చీల వరసలు, దుమ్ము వాసన. అతను స్టేజి మీద ఎత్తయిన నిచ్చెన ఎక్కి ఏదో లైటు తిప్పుతున్నాడు. ఆమెని చూసి, మెల్లగా మెట్టు మెట్టూ దిగి వచ్చాడు.

"పిల్లలెలా ఉన్నారు?"

"వాదిస్తున్నారు."

"మంచిదే."

చేతిలో ఏ కాగితమూ లేదు. దారిలో అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు ఇష్టమండీ," అంది. "వాన రోజుకి ముందునించే ఇష్టం. ఆ రోజు కాగితంలో ఉన్నది నా జవాబు కాదు. అందరూ చూస్తుంటే భయపడ్డాను. తర్వాత ఎవరూ చూడనప్పుడు కూడా భయపడ్డాను. దానికి మిమ్మల్ని అనడానికి లేదు. మిమ్మల్నన్న మాటలకి కూడా క్షమించండి. మీతో ఉండాలనుంది నాకు."

అతను స్టేజి అంచున కూలబడ్డట్టు కూర్చున్నాడు. చేతికున్న గ్లవుసు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి తొడుక్కున్నాడు.

"మా అక్క ఎప్పటినించో ఒక సంబంధం అంటోంది," అన్నాడు. "మీ కోసం వాయిదా వేస్తూ వచ్చాను. నాటకం అయిపోయాక... ఇంక దేనికోసం ఆగాలని, సరేనన్నాను. కిందటి ఆదివారం మాటలయ్యాయి."

ఆమె ముందు వరసలో ఒక కుర్చీ వీపు పట్టుకుంది.

"ఆ అమ్మాయిని నేను చూసింది ఒకే ఒక్కసారి. మంచి మనిషే. కానీ నాకు తెలిసింది అంతే." అతను తలెత్తాడు. మొహంలోకి ఎక్కడినించో వెలుగు వచ్చింది. "మీరు ఊఁ అనండి. ఇప్పుడే మా అక్కకి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను. తిడుతుంది. తిట్టనీండి. ఇంకా పెళ్ళి కాలేదు కదా."

ఫోను అప్పుడే చేతిలోకి తీసుకున్నాడు. ఔనని ఆమె నోటి చివర ఉంది. ఇన్నాళ్ళూ గోడకి చెప్పుకున్న మాట. అక్కడ చూసేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"ఆ అమ్మాయి ఉద్యోగం చేస్తుందా?" అని అడిగింది.

"బ్యాంకులో. ఎందుకు?"

"వాళ్ళ బ్యాంకులో చెప్పేసిందా?"

అతనికి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"చెప్పింది," అన్నాడు. "స్వీట్లు పంచిందట. మేనేజరు కూడా ఫోన్ చేసి మా అక్కకి శుభాకాంక్షలు చెప్పాడు."

"అయితే వద్దండీ."

"ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి కోసమా?"

"నాకు తెలుసు ఆ అమ్మాయి. మీరు వద్దంటే కారణమేంటని అడుగుతారు. ఆవిడ దగ్గర జవాబుండదు. అయినా సోమవారం పొద్దున్నే లేచి, జడ వేసుకుని, అదే బ్యాంకుకి వెళ్ళాలి. తలుపు తీయగానే అందరూ మాటలాపేస్తారు. ఆవిడని ఎలా వెళ్ళమంటారు చెప్పండి? నేను వెళ్ళాను కాబట్టి అడుగుతున్నాను."

అతను ఫోను జేబులో పెట్టేశాడు.

"మరెందుకొచ్చారు ఇప్పుడు? చెప్పకపోతే పోయేదిగా. నేను బానే ఉండేవాణ్ణి," అన్నాడు. కోపంగానే అన్నాడు. అతని కోపం ఆమె చూడడం అదే మొదలు.

"నా మనసు మీకు తెలియదనుకుని వచ్చానండీ. ఆ సంబంధం సంగతి నాకు తెలీదు."

"తెలిస్తే వచ్చేవారు కాదు."

"రాను."

"ఒక వారం ముందు వచ్చి ఉంటే."

"అవును," అంది ఆమె. "ఒక వారం ముందు నేను ఇంట్లో కూర్చుని భయపడుతున్నాను."

అతను లేచాడు. ఆమె దగ్గరికి ఒక అడుగు వేసి, అక్కడే ఆగిపోయాడు. తర్వాత నిచ్చెన దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కకుండా. ఆమె కుర్చీల మధ్యనించి నడిచి బయటికి వచ్చేసింది. ఎండ మొహాన కొట్టింది.

ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. మరదలు మధ్యాహ్నం సెలవు పెట్టిందనీ, ఎక్కడికి వెళ్ళిందో కూడా చెప్పకుండానే ఆమెకి తెలిసిపోయింది.

"ఏమన్నాడు? కాదన్నాడా?"

"లేదు వదినా. ఔనన్నాడు. నేనే వద్దన్నాను."

వదిన నుదురు కొట్టుకుంది. "నీకేమైనా పిచ్చా? ఆ మనిషిని మళ్ళీ కాదన్నావా?"

"మళ్ళీ కాదు," అంది ఆమె, చెప్పులు విడుస్తూ. "ఇదే మొదలు."

వదినకి ఏమీ అర్థం కాలేదు. అయినా పక్కకి జరిగి, మరదలి చేతిలోంచి బ్యాగు అందుకుంది. "ముందు మొహం కడుక్కో," అంది. "ఏడిస్తే తర్వాత ఏడుద్దువుగాని."